నిక్ సేబన్: 292 గెలుపులా, 297లా? ఆ ఏడు టైటిళ్లను ఎలా చదవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసులో కొందరు జార్జియా అభిమానులు, కొందరు అలబామా అభిమానులు. నిక్ సేబన్ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరినీ మించిన కోచ్ అన్న మాటను మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకుంటున్నాయి. కానీ ఆయన గెలుపులు ఒకచోట 292, ఇంకోచోట 297 అని కనిపిస్తున్నాయి. టైటిళ్లు ఒకరు ఆరంటారు, ఇంకొకరు ఏడంటారు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లి రెండేళ్లకే తిరిగొచ్చారు. అలాంటప్పుడు ఇది కోచ్ గొప్పతనమా, డబ్బున్న యూనివర్సిటీ గొప్పతనమా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండు అంకెలూ సరైనవే, తేడా ఎందుకొచ్చిందో కింద చూద్దాం. టైటిళ్లు ఏడు: ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో ఒకటి, అలబామాలో ఆరు. డబ్బు, మంచి ఆటగాళ్లు కచ్చితంగా కలిసొచ్చాయి. అయితే అవి ఉన్న యూనివర్సిటీలు ఇంకో పదీ పన్నెండు ఉన్నాయి. సేబన్ ప్రత్యేకత ఏమిటంటే, తనను గెలిపించిన పద్ధతిని తానే పక్కనపెట్టి, దానికి దాదాపు వ్యతిరేకమైన పద్ధతితో మళ్లీ గెలిచారు. 2011లో ఆయన జట్టు ప్రత్యర్థులకు మ్యాచ్‌కి సగటున 8 పాయింట్లే ఇచ్చి ఛాంపియన్ అయింది. 2020లో అదే కోచ్ జట్టు సగటున 48 పాయింట్లు కొట్టి ఛాంపియన్ అయింది. ఈ రెండు జట్ల మధ్య ఏం జరిగిందో తెలిస్తే ఆయన తెలిసినట్టే.

గెలుపుల లెక్క. సేబన్ నాలుగు యూనివర్సిటీలకు హెడ్ కోచ్‌గా పనిచేశారు. టొలీడోలో 1990 ఒక్క సీజన్, 9 గెలుపులు, 2 ఓటములు. మిషిగన్ స్టేట్‌లో 1995 నుంచి 1999 దాకా 34 గెలుపులు, 24 ఓటములు, ఒక టై. ఎల్‌ఎస్‌యూలో 2000 నుంచి 2004 దాకా 48-16. అలబామాలో 2007 నుంచి 2023 దాకా మైదానంలో 206-29. కలిపితే 297 గెలుపులు, 71 ఓటములు, ఒక టై. అలబామాలో కొందరు క్రీడాకారులు స్కాలర్‌షిప్ కింద ఉచితంగా వచ్చే పాఠ్యపుస్తకాలను వేరే విద్యార్థుల కోసం కూడా తీసుకున్నారని తేలింది. అందుకు కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2009లో శిక్ష వేసి, 2005-2007 మధ్య ఫుట్‌బాల్ గెలుపుల్లో 21 కొట్టేసింది. అందులో 16 సేబన్ రాకముందువి, 5 ఆయన మొదటి ఏడాదివి. అలా 206 కాస్తా 201 అయింది, 297 కాస్తా 292 అయింది. ఇలా కొట్టేసినప్పుడు గెలిచిన జట్టు ఖాతాలో గెలుపు పోతుంది కానీ ఓడిన జట్టు ఖాతాలో చేరదు. అందుకే 2007 సీజన్ కొన్ని పట్టికల్లో 7-6 అనీ, అధికారిక పట్టికలో 2-6 అనీ కనిపిస్తుంది.

టైటిళ్ల లెక్క. 2003, 2009, 2011, 2012, 2015, 2017, 2020. ఇవి సీజన్ల పేర్లు. ఫైనల్ జరిగేది మరుసటి జనవరిలో, కాబట్టి “2017 టైటిల్” మ్యాచ్ జరిగింది 2018 జనవరి 8న, మీ అట్లాంటాలోనే. కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఇంకో రెండు మెలికలున్నాయి. 2003లో ఎల్‌ఎస్‌యూ ఓక్లహోమాను 21-14తో ఓడించి బీసీఎస్ (అప్పటి జాతీయ ఫైనల్ వ్యవస్థ) టైటిల్ గెలిచింది, కానీ అదే ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగ్‌లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)కి మొదటి స్థానం దక్కింది. అంటే ఆ ఏడాది కిరీటం ఇద్దరిది. 2011, 2017 సీజన్లలో అలబామా తన సొంత కాన్ఫరెన్స్ (ప్రాంతీయ లీగ్) ఎస్‌ఈసీ టైటిలే గెలవలేదు. అయినా ర్యాంకింగ్ బలంతో జాతీయ టైటిల్ కోసం ఆడి గెలిచింది. ఎవరైనా “ఆ రెండూ అదృష్టం” అంటే, ఆ వాదనకు కొంత ఆధారం ఉందనే నేనంటాను.

అయితే అదే కొలతతో అలబామా పాత దిగ్గజ కోచ్ బేర్ బ్రయంట్‌నీ కొలవాలి. అలబామాలో ఆయన ఆరు టైటిళ్లలో 1964, 1973 టైటిళ్లను సీజన్ చివరి బౌల్ మ్యాచ్ ఆడకముందే ఓటింగ్‌లో ఇచ్చేశారు. ఆ రెండు బౌల్ మ్యాచ్‌లలోనూ ఆయన జట్టు ఓడిపోయింది. సేబన్ ఏడు టైటిళ్లూ చివరి మ్యాచ్ గెలిచి తెచ్చుకున్నవే. మొత్తం గెలుపుల్లో మాత్రం 323తో బ్రయంటే ముందున్నారు. నాకు మాత్రం సేబన్ తూకమే ఎక్కువ.

ఇక ఆయన కెరీర్‌లో చాలామంది గమనించని వరస ఒకటుంది. ఎల్‌ఎస్‌యూకి వచ్చేముందు ఆ జట్టు 1999లో 3-8. సేబన్ మొదటి ఏడాది 8-4, అందులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ యూఏబీ చేతిలో 13-10 ఓటమి. నాలుగో ఏడాది జాతీయ టైటిల్. అలబామాకు వచ్చేముందు ఆ జట్టు 2006లో 6-7. సేబన్ మొదటి ఏడాది 7-6, అందులో లూసియానా-మన్రో లాంటి చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో 21-14 ఓటమి. రెండో ఏడాది 12-2. మూడో ఏడాది 14-0, జాతీయ టైటిల్. రెండుచోట్లా మొదటి ఏడాదే ఎవరూ ఊహించని ఒక ఓటమి, ఆపైన నిట్టనిలువుగా ఎదుగుదల. మొదటి సీజన్‌లో ఆయన గెలుపుల కోసం పాత అలవాట్లతో రాజీపడరు. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చేవాడు స్టార్ అయినా బెంచ్ మీదే. దాని ధర మొదటి ఏడాదే చెల్లిస్తారు. 2008 నుంచి 2023 దాకా వరసగా 16 సీజన్లలో ఒక్కసారి కూడా 10 గెలుపులకు తగ్గలేదు.

ఇప్పుడు అసలు విద్యకి వద్దాం. సేబన్ ప్రధానంగా డిఫెన్స్ కోచ్, అందులోనూ వెనకవరస కాపలాదారుల కోచ్. కెంట్ స్టేట్‌లో ఆడిందీ ఆ స్థానమే. 1991 నుంచి 1994 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు పిట్స్‌బర్గ్ జట్టు వాళ్లకొక చిక్కు తెచ్చిపెట్టింది. పరుగును ఆపడానికి వీళ్లు ఒక సేఫ్టీని (అందరికన్నా వెనక నిలబడే కాపలాదారుని) ముందుకు దించి వెనక ముగ్గురినే ఉంచేవాళ్లు. దీన్ని కవర్ 3 అంటారు: మైదానం వెడల్పును మూడు భాగాలు చేసి, భాగానికొకరు లోతుగా కాపలా. పిట్స్‌బర్గ్ నలుగురు రిసీవర్లను (పాస్ పట్టేవాళ్లను) నిటారుగా లోతుకి పరుగెత్తించేది. నలుగురికి ముగ్గురు. మధ్యలో ఉన్న సేఫ్టీ ఎటు కదిలినా రెండో వైపు ఖాళీ. నాలుగు నిటారు పరుగుల ఈ ఆటకు కోచ్‌ల పరిభాషలో “సియాటిల్” అని పేరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మనిషికి మనిషి కాపలా పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. మనిషి వెంట పరుగెత్తేవాడి కళ్లు బంతి మీద ఉండవు, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) బంతి పట్టుకుని తానే పరుగెత్తితే ఆపేవాడుండడు. రిసీవర్లు ఒకరినొకరు అడ్డంగా దాటుతూ కాపలాదారులను ఢీకొట్టిస్తారు. అలాగని జోన్‌లో ఎవరి స్థలంలో వాళ్లు నిలబడితే, మంచి క్వార్టర్‌బ్యాక్ ఆ స్థలాల మధ్య సందుల్లోకి విసురుతాడు.

దీనికి సేబన్ వాడిన మందు: మొదట జోన్‌గా మొదలై, రిసీవర్ ఏం చేస్తున్నాడో చూశాక మనిషి కాపలాగా మారే కవరేజ్. కుడివైపు తిరిగితే “రిప్”, ఎడమవైపు తిరిగితే “లిజ్” అని పిలుపు. రిసీవర్లను అంచు నుంచి లోపలికి 1, 2, 3 అని లెక్కపెట్టాలి. అంచున ఉండే కార్నర్‌కి నియమం: 1వ వాడు నిటారుగా లోతుకి వెళ్తే వాడు నీవాడు, బంతి విసిరేదాకా వదలొద్దు, వాడు నాలుగైదు గజాల్లోపే లోపలికి మళ్లితే వదిలేసి వెనక్కి పడి నీ మూడోవంతు కాచుకో. లోపల నిలబడే కాపలాదారుకి నియమం: 2వ వాడి మీద కన్నుంచు, నిటారుగా వెళ్తే వాడితోపాటు లోతుకి వెళ్లు, లోపలికి అడ్డంగా వెళ్తే పక్కనున్న లైన్‌బ్యాకర్‌కి (నడిమి వరస కాపలాదారుకి) కేకేసి అప్పగించి, చూపు 1వ వాడి మీదికి తిప్పు. ఇలా ఆడితే నలుగురు నిటారుగా పరుగెత్తినప్పుడు నలుగురూ వాళ్ల వెంటే ఉంటారు, మధ్య సేఫ్టీ ఖాళీగా మిగిలి సాయానికొస్తాడు.

చెప్పడానికి తేలికే. ఆడేటప్పుడు చెడేది ఎక్కడంటే, స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు మూడు నాలుగు సెకన్లలో అందరూ ఒకే లెక్క చూడాలి. ఒక రిసీవర్ చివరి క్షణంలో కదిలితే 2వ వాడు 3వ వాడవుతాడు. ఒకడు కొత్త పిలుపు విని, ఇంకొకడు పాత పిలుపు మీదే ఉంటే ఒక రిసీవర్ వెంట ఇద్దరు పోతారు, ఇంకొకడి వెంట ఎవరూ ఉండరు. మొదటి ఏడాది కుర్రాళ్లు ఈ జట్టులో వెనకవరసలో ఆడటం ఎందుకు కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది. వేగం చాలదని కాదు, పిలుపులు ఇంకా ఒంటబట్టవు. సేబన్ గట్టుమీద నిలబడి అరిచేది చాలాసార్లు తప్పిన టాకిల్ గురించి కాదు, వినిపించని పిలుపు గురించి.

2009 నుంచి 2012 దాకా మూడు టైటిళ్లు ఈ డిఫెన్స్ మీదే వచ్చాయి. మధ్యలో టెరెన్స్ కోడీ లాంటి 350 పౌండ్ల పైబడిన, అంటే సుమారు 160 కిలోల మనిషి రెండు దారులు మూసేసేవాడు. 2009 అక్టోబరులో టెనెసీపై 12-10తో గట్టెక్కిందీ అతను చివరి క్వార్టర్‌లో రెండు ఫీల్డ్ గోల్ (గోల్ కర్రల మధ్యకు బంతి తన్నడం) ప్రయత్నాలను చేత్తో అడ్డుకోవడంవల్లే. లేకపోతే ఆ 14-0 సీజన్ ఉండేది కాదు. 2011 డిఫెన్స్ మొత్తం గజాలు, పరుగు గజాలు, పాస్ గజాలు, పాయింట్లు, నాలుగింటిలోనూ దేశంలో మొదటిది. 2012 జనవరి 9న ఫైనల్‌లో ఎల్‌ఎస్‌యూకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, 21-0.

అక్కడే ఆట మారిపోయింది. ప్రత్యర్థులు ఒక డౌన్ (ఒక ప్రయత్నం) అయిన వెంటనే గుమిగూడి మాట్లాడుకోవడం మానేసి పరుగున వచ్చి నిలబడి, మళ్లీ స్నాప్ చేయడం మొదలుపెట్టారు. క్రికెట్‌లో ఫీల్డర్లు ఇంకా స్థానాలకు చేరకముందే బ్యాటింగ్ జట్టే తనకిష్టమైనప్పుడు బంతి వేయించుకోగలిగితే ఎలా ఉంటుందో ఊహించండి. పిలుపులకు సమయం లేదు. కోడీ లాంటి భారీ మనిషిని బయటికి పంపి వేగంగలవాడిని తెచ్చుకునే వీలు లేదు. దీనికితోడు పరుగు-పాస్ ఐచ్ఛికాలు వచ్చాయి, అంటే పరుగా, పాసా అన్నది బంతి అందుకున్నాక క్వార్టర్‌బ్యాక్ తేల్చుకునే ఆటలు. కాలేజీ నియమాల్లో పాస్ ఆటలో కూడా లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలబడేవాళ్లు) 3 గజాలు ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజమే. ఆ రెండు గజాల తేడా వల్ల సేఫ్టీ లైన్‌మెన్‌ని చూసి “ఇది పరుగు” అనుకుని ముందుకు దూకుతాడు, బంతి అతని వెనక్కి వెళ్తుంది. 2012 నవంబరులో జానీ మాంజెల్ ఆడిన టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అలబామాను వాళ్ల మైదానంలోనే 29-24తో ఓడించింది.

సేబన్ మొదట ఎదిరించారు. “ఫుట్‌బాల్ ఇలాగే ఉండాలని కోరుకుంటున్నామా” అన్న అర్థంలో 2012లోనే బహిరంగంగా అడిగారు. 2014 ఫిబ్రవరిలో డిఫెన్స్ మనుషుల్ని మార్చుకోవడానికి 10 సెకన్లు ఇవ్వాలన్న నియమ ప్రతిపాదనకు మద్దతు పలికారు. అది వీగిపోయింది. కానీ దానికి ముందే, ఆ జనవరిలోనే, ఆయన తన జట్టూ ఆ వేగపు ఆటే ఆడేందుకు లేన్ కిఫిన్‌ని అఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్నారు. స్వభావంలో ఇద్దరికీ ఎక్కడా పొత్తు కుదరదు. నియమం మారాలని వాదిస్తూనే, మారకపోతే ఏం చేయాలో ముందే మొదలుపెట్టేశారు. నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తంలో ఇదే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఆ సీజన్‌లోనే అమారీ కూపర్ 124 పాస్‌లు పట్టి 1,727 గజాలు సాధించాడు. డిఫెన్స్‌లో బరువులు తగ్గాయి, అయిదుగురు వెనకవరస ఆటగాళ్లతో ఆడటమే మామూలు కూర్పు అయింది. ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవాళ్లను చూసినా ఈ మార్పు కనిపిస్తుంది. 2009లో మార్క్ ఇన్‌గ్రమ్, 2015లో డెరిక్ హెన్రీ, ఇద్దరూ పరుగు ఆటగాళ్లు. 2020లో డెవాంటా స్మిత్ రిసీవర్, 2021లో బ్రైస్ యంగ్ క్వార్టర్‌బ్యాక్.

ఇంకో సంగతి. పదిహేడేళ్లలో ఆయన దగ్గర అఫెన్స్ నడిపినవాళ్లు తొమ్మిది మంది. మంచి సహాయకుడు దొరికితే రెండు మూడేళ్లలో ఎవరో ఒకరు హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోయేవారు. అయినా జట్టు తడబడకపోవడానికి కారణం, పిలుపుల భాష జట్టుది, కోఆర్డినేటర్‌ది కాదు. కొత్తగా వచ్చినవాడే ఆ భాష నేర్చుకోవాలి తప్ప ఎనభై మంది కుర్రాళ్లు కొత్త భాష నేర్చుకోరు.

ఇప్పుడు “సియాటిల్” దగ్గరికి వద్దాం. 2018 జనవరి 8, మెర్సిడెస్-బెంజ్ స్టేడియం. సగం ఆటకి జార్జియా 13, అలబామా 0. స్టార్టర్‌గా 25 గెలిచి రెండే ఓడిన జేలన్ హర్ట్స్‌ని తీసేసి, మొదటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవాని సేబన్ దింపారు. ఆ ఆట ఓడి ఉంటే ఈ మార్పు గురించి ఎన్ని మాటలు పడేవారో! ఆట 20-20 అయింది. చివర్లో అలబామా 36 గజాల ఫీల్డ్ గోల్ తప్పి ఓవర్‌టైమ్‌కి పోయింది. జార్జియా 51 గజాల కిక్‌తో 23-20. అలబామా మొదటి ఆటలోనే టువా దొరికిపోయి 16 గజాలు పోగొట్టాడు. రెండో డౌన్, ఇంకా 26 గజాలు కావాలి, బంతి 41 గజాల గీత మీద. పిలిచిన ఆట నాలుగు నిటారు పరుగులు. జార్జియా వెనక ఇద్దరు సేఫ్టీలతో కాచుకుంది. టువా స్నాప్ అందుకోగానే కళ్లు ఎడమకు తిప్పలేదు, మధ్యలోనే ఉంచాడు. ఎడమ సేఫ్టీ ఆ చూపు చూసి ఒకటి రెండడుగులు లోపలే ఆగాడు. అంచున పరుగెత్తుతున్న డెవాంటా స్మిత్ చేరేచోటికి ఆ సేఫ్టీ రావాల్సిన సమయం దాటిపోయింది. 41 గజాలు, టచ్‌డౌన్ (బంతి గోల్ గీత దాటింది), 26-23. ఒకప్పుడు క్లీవ్‌లాండ్‌లో తనకు నిద్రలేకుండా చేసిన ఆటతోనే టైటిల్ గెలిచారు. ఎదురుగా జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్, ఎనిమిది సీజన్లు తన దగ్గరే డిఫెన్స్ నడిపినవాడు.

ఇలాంటిదే 2016 జనవరి 11. క్లెమ్సన్‌తో 24-24, చివరి క్వార్టర్‌లో పది నిమిషాల పైన మిగిలుంది. క్లెమ్సన్ కిక్ అందుకునే జట్టు మధ్యకు దగ్గరగా కుదించుకుని నిలబడుతోందని ఆటలోనే గమనించారు. అలబామా కిక్కర్ ఆడమ్ గ్రిఫిత్ బంతిని ఆ ఖాళీ అంచు వైపు గాల్లోకి చిన్నగా తన్నాడు, అతని జట్టువాడే అయిన మార్లన్ హంఫ్రీ అది నేలకు తగలకుండానే పట్టుకున్నాడు. రెండు ఆటల తర్వాత ఓ.జె. హోవర్డ్ 51 గజాల టచ్‌డౌన్. చివరికి 45-40. డిఫెన్స్ క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ని ఆపలేకపోతోందని సేబన్‌కి అర్థమైంది. అందుకే అతని చేతికి బంతి ఇవ్వకుండా ఉండే దారి వెతికారు.

ఆయన “ప్రాసెస్” గురించి మీ సహోద్యోగులు తప్పకుండా చెప్పి ఉంటారు. దాని మూలం 1998లో మిషిగన్ స్టేట్‌లో ఉంది. అక్కడి మనోవైద్య ఆచార్యుడు లానీ రోజెన్ సలహా ఇది: స్కోర్‌బోర్డు చూడొద్దు, ఒక ఆట సుమారు 7 సెకన్లు ఉంటుంది, ఆ ఏడు సెకన్లు మాత్రమే ఆడి వదిలేయండి. ఆ నవంబరులో దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్‌పై 24-9తో వెనకబడి కూడా 28-24తో గెలిచారు. దీన్ని వ్యక్తిత్వ వికాస సూక్తిలా తీసుకుంటే ఉపయోగం లేదు. ఆచరణలో ఇది కొలత మార్పు: గెలిచిన మ్యాచ్‌లోనూ ప్రతి ఆటగాడికి ఒక్కో ఆటకు మార్కులు వేస్తారు, 40 పాయింట్ల తేడాతో ముందున్నా తప్పు పిలుపుకి మార్కు పోతుంది.

ఎక్కడ దెబ్బతిన్నారు? ముఖ్యంగా కిక్కర్ల దగ్గర. 2011 నవంబరులో ఎల్‌ఎస్‌యూతో 9-6 ఓటమిలో అలబామా ఆరు ఫీల్డ్ గోల్స్ ప్రయత్నించి రెండే వేసింది. 2013 నవంబరు 30న ఆబర్న్‌తో 28-28 ఉండగా, సేబన్ వాదించి మరీ గడియారంలో ఒక సెకను తిరిగి వేయించుకుని 57 గజాల కిక్ కొట్టించారు. అది కురచైంది, ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ గోల్ వెనక నుంచి పట్టుకుని మైదానం ఆ చివరికి పరుగెత్తాడు, 34-28. కిక్ కొట్టేటప్పుడు మైదానంలో ఉండేది బంతిని కాపాడే భారీ లైన్‌మెన్, వెంటపడి పట్టుకోగలిగేవాళ్లు కాదు. అంత దూరం కిక్‌కి ఆ కూర్పుతో పోవడం కోచింగ్ తప్పే. 2017 జనవరిలో ఫైనల్‌కి వారం ముందు కిఫిన్‌ని పంపించేసి స్టీవ్ సార్కిసియన్‌కి పగ్గాలిచ్చారు. క్లెమ్సన్ ఒక్క సెకను మిగిలుండగా టచ్‌డౌన్ వేసి 35-31తో గెలిచింది. 2019 జనవరిలో అదే క్లెమ్సన్ 44-16తో చిత్తుచేసింది.

మయామీ డాల్ఫిన్స్ సంగతి. 2005లో 9-7, 2006లో 6-10. భుజానికి శస్త్రచికిత్స జరిగిన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్‌ని వైద్యుల నివేదిక చూసి వద్దనుకుని డాంటే కల్పెపర్‌ని తెచ్చుకున్నారు. కల్పెపర్ నాలుగు మ్యాచ్‌లే ఆడాడు. బ్రీస్ న్యూఆర్లీన్స్‌లో చరిత్ర రాశాడు. అయితే అసలు కారణం అదొక్కటే కాదు. అప్పట్లో కాలేజీలో కోచ్ ఏడాదికి సుమారు 25 మందిని తానే వెతికి, ఇళ్లకు వెళ్లి ఒప్పించి తెచ్చుకునేవాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే పద్ధతిలో) వరస వస్తేనే ఎంపిక, జీతాల పరిమితిలోపే బేరం. ఆయన బలమంతా ఎంపికలోనూ, నేర్పడంలోనూ ఉంది. అందులో సగాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ చేతికివ్వదు. ఇక వెళ్లిన తీరు: 2006 డిసెంబరులో “నేను అలబామా కోచ్‌ని కాబోవడం లేదు” అని చెప్పి, 2007 జనవరి 3న అలబామా కోచ్ అయ్యారు. మయామీ అభిమానుల కోపం న్యాయమైనదే.

డబ్బు ప్రశ్నకు తిరిగొస్తే, సేబన్‌కి ముందు కూడా అలబామాలో డబ్బుంది, స్టేడియం ఉంది, బ్రయంట్ వారసత్వం ఉంది. అయినా 6-7. ఆయన తెచ్చింది ఎంపిక పట్టీ. ప్రతి స్థానానికీ కావాల్సిన ఎత్తు, బరువు, వేగం, వాటితోపాటు ఆ స్థానానికి తప్పనిసరైన ఒకటి రెండు గుణాలు. కొలతకు తక్కువైనవాణ్ణి తీసుకోవాలంటే ఎందుకో రుజువు చూపాలి. 170 పౌండ్ల దరిదాపు ఉన్న డెవాంటా స్మిత్, పొట్టివాడైన బ్రైస్ యంగ్ అలా రుజువుతో వచ్చినవాళ్లే, ఇద్దరూ హైస్మన్ గెలిచారు. చేరాక ఓపిక పట్టించారు. మ్యాక్ జోన్స్ 2017లో చేరి, 2020లో గానీ పూర్తి స్టార్టర్ కాలేదు. ఆ ఏడాదే 13-0, ఒహాయో స్టేట్‌పై 52-24.

ఆ ఓపికే తర్వాత దొరకలేదు. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే వేరే కాలేజీకి మారొచ్చు. అదే జులై నుంచి తమ పేరుతో డబ్బు సంపాదించుకోవచ్చు. కుర్రాళ్లకు డబ్బు రావడం తప్పని నేననను, రావాల్సిందే. కానీ రెండేళ్లు బెంచ్ మీద నేర్చుకుని మూడో ఏడాది ఆడే పద్ధతి మీద కట్టిన ఇల్లు అది. చివరి సీజన్ 2023లో టెక్సాస్‌తో ఓడి, ఆబర్న్‌పై నాలుగో డౌన్‌లో 31 గజాల పాస్‌తో బయటపడి, జార్జియాపై 27-24తో ఎస్‌ఈసీ గెలిచి, 2024 జనవరి 1న మిషిగన్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 27-20తో ఓడారు. జనవరి 10న 72 ఏళ్ల వయసులో రిటైరయ్యారు.

మీ జార్జియా సహోద్యోగులతో మాట్లాడేముందు ఒక లెక్క చేతిలో ఉంచుకోండి: సేబన్, కర్బీ స్మార్ట్ ఆరుసార్లు తలపడితే సేబన్ 5, స్మార్ట్ 1. ఆ ఒక్కటీ మాత్రం 2022 జనవరి ఫైనల్, 33-18. ఆ రోజు అలబామా ప్రధాన రిసీవర్లలో ఒకరు ముందే గాయపడ్డారు, ఇంకొకరు ఆటలోనే మోకాలు దెబ్బతిని బయటికెళ్లారు.

పాత మ్యాచ్‌లు చూడాలనుకుంటే మూడు చాలు, ఈ వరసలోనే చూడండి: 2012 జనవరి ఎల్‌ఎస్‌యూ ఫైనల్, 2018 జనవరి జార్జియా ఫైనల్, 2021 జనవరి ఒహాయో స్టేట్ ఫైనల్. మొదటిదాంట్లో బంతిని చూడకండి. స్నాప్‌కి ముందు అలబామా వెనకవరస చేతులు చూడండి: ఎవరు ఎవరికి వేలు చూపిస్తున్నారు, ఎవరు తలూపుతున్నారు. ఆ సైగలన్నీ రెండు సెకన్లలో అయిపోతాయి. మూడోదాంట్లో అవే సైగలు చేసుకోవడానికి ఒహాయో స్టేట్ వెనకవరస తంటాలు పడటం, ఈలోగా స్మిత్ తన స్థానం మార్చుకుని పరుగు మొదలుపెట్టడం మీకే కనిపిస్తుంది.